కోడిపిల్లలు వచ్చేశాయి, బాతు గుడ్లు కదలట్లేదు, పారేయాలా?

పారేయకండి అండీ బాబూ. రెండూ ఒకే రోజు ఇంక్యుబేటర్‌లో (గుడ్లు పొదిగే పెట్టెలో) పెట్టానన్నారు, 21 రోజులకి కోడిపిల్లలు వచ్చేశాయి, బాతు గుడ్లు ఉలుకూ పలుకూ లేవంటున్నారు. ఎలా ఉంటాయి, బాతుకి 28 రోజులు పడుతుంది, మస్కవీ రకమైతే 35 దాకా. ఇంకా వారం ఉంది మీకు.

ముందు రాత్రి లైటార్పేసి గుడ్డు లావు వైపు ఫోన్ టార్చ్ ఆనించి చూడండి. ఈ రోజుకి గుడ్డు చాలావరకు నల్లగా కనపడి, పైన గాలి ఉండే చోటు మాత్రం వెలుగ్గా ఉంటే పిల్ల ఉన్నట్టే. లోపలంతా ఖాళీగా పసుప్పచ్చగా వెలిగితే అది ఉత్త గుడ్డే, అసలు పిల్ల కట్టలేదు. కోడిపిల్లల కోసం చివరి మూడ్రోజులు తిప్పడం ఆపేసి తేమ 65, 70 శాతం దాకా పెంచే ఉంటారు కదా, దాన్ని మళ్ళీ 55, 60కి దించి మామూలు బాతు గుడ్లని 25వ రోజు వరకు తిప్పండి, ఆ తర్వాత తిప్పకుండా తేమ 70 దాటించండి. పిల్లల నూగంతా తుడిచేయండి, లేకపోతే కుళ్ళు పట్టేస్తుంది.

నేనూ ఇదే చేశాను లెండి. మాది విజయవాడ సింగ్ నగర్, థర్మోకోల్ పెట్టె, 14 నాటు కోడి గుడ్లు, కైకలూరు నుంచి మా మేనత్త పంపిన 10 బాతు గుడ్లు, అదీ మే నెలలో! డిస్‌ప్లేలో ఉండాల్సిన 37.5 డిగ్రీలే చూపిస్తుంది, అనుమానమొచ్చి జ్వరం చూసే థర్మామీటర్ లోపల పెడితే 39. బల్బు ఆరిపోయినా దిగట్లేదు, ఎందుకంటే గదే 41 ఉంది, ఈ పెట్టె వేడి చేయగలదు గానీ చల్లబరచలేదు కదా, ఆ ముక్క నాకు అప్పుడు తట్టలేదు. మా అమ్మమ్మ మాత్రం మొదటి రోజే అంది, ఎండల్లో పొదిగేస్తే మురిగిపోతాయిరా అని. ఏడు పిల్లలే వచ్చాయి, అన్నీ కోళ్ళే. ఇంకొకటి పెంకు చిల్లు పెట్టాక మావాడికి చూపించడానికి అరగంటకోసారి మూత తీశా, పొర ఎండిపోయి పిల్లకి అతుక్కుపోయింది, లోపలే పోయింది పాపం.

ఇప్పుడు నవంబర్ నుంచి ఫిబ్రవరి లోపే పెడుతున్నా. బాతువి ముందు పెట్టేసి సరిగ్గా ఏడు రోజులకి కోడివి పెడతా, అప్పుడు రెండూ ఒకేసారి వస్తాయి, తిప్పడం ఆపేది కూడా ఒకే రోజు పడుతుంది. రోజుకి మూడుసార్లు తిప్పుతా, మర్చిపోకుండా పెన్సిల్‌తో ఒక పక్క ఇంటూ గుర్తు. కిరాణా షాపు గుడ్లతో మాత్రం ప్రయత్నించకండి, ఆ ఫారాల్లో పుంజులే ఉండవు.

బాతుపిల్ల పెంకు పగలగొట్టాక బయటికి రావడానికి ఒకటిన్నర రోజు పట్టినా కంగారు పడి గిల్లకండి, రక్తనాళాలు తెగుతాయి. 28 (మస్కవీ అయితే 35) దాటాక రెండు రోజులు ఆగి చూసి తీసేయండి. ఏ గుడ్డన్నా చెమటలా కారుతూ వాసనొస్తే మాత్రం ఇప్పుడే తీసి బయట పాతేయండి, మా ఇంట్లో ఒకటి పేలింది, మూడ్రోజులు మా ఆవిడ నన్నూ పెట్టెనీ కలిపి డాబా మీదే ఉంచింది.