కమాండ్ పంపావు సరే, సప్లై విన్నదా?

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

ల్యాబ్‌లోని ఈ3632ఏ పవర్ సప్లైని పైథాన్‌తో నడపాలని రాశావు. మంచిదే. ప్రోగ్రాము పాతిక లైన్లకి మించదు. పంపిన ప్రతిదీ సప్లై చేసేసిందని నమ్మడం దగ్గరే అందరూ దెబ్బతింటారు.

ముందు సప్లైకి తగిలించిన, టెస్టు చేయాల్సిన బోర్డు ఊడదీసి పక్కన పెట్టు. ఆ సప్లై జీపీఐబీ (కొలత పరికరాల్ని కంప్యూటరుకి కలిపే కేబుల్ పద్ధతి) చిరునామా ఫ్యాక్టరీ నుంచి 5గా వస్తుంది. ఎవరైనా మార్చారేమో ముందు ప్యానెల్‌లో చూసుకో. ఒకే లైను మీద రెండు పరికరాలకి ఒకే నంబరుంటే జవాబులు కలగాపులగం అవుతాయి. కేబుళ్లు పరికరానికి 2 మీటర్ల లెక్కన, మొత్తం 20 మీటర్లు దాటకూడదు. పాత ఆర్‌ఎస్‌-232 సీరియల్ పోర్టుతో కానిస్తానంటావేమో, మూడు తీగల కేబుల్ పనికిరాదు. ఇది డీటీఆర్, డీఎస్‌ఆర్ అనే, సిద్ధంగా ఉన్నామని చెప్పుకునే తీగలు చూసుకుని మాట్లాడుతుంది, పైగా ముందు రిమోట్‌కి మార్చే «సిస్ట్:రెమ్» పంపాలి. అడాప్టర్ దొరికితే జీపీఐబీకే వెళ్లు.

మొదటి ప్రశ్న «*ఐడీఎన్?». (తెలుగులో రాస్తున్నా గానీ, టైపు చేసేటప్పుడు మాన్యువల్‌లోని స్పెల్లింగే.) పేరు, మోడల్ తిరిగొస్తేనే ముందుకెళ్లు. రాకుండా టైమౌట్ అయితే మూడు చూడు: చిరునామా, లైను చివరి గుర్తు, ప్రశ్నార్థకం. పైవీసా (పైథాన్ నుంచి పరికరాలతో మాట్లాడే లైబ్రరీ) జవాబు కోసం మామూలుగా 2 సెకన్లు ఆగుతుంది. «వోల్ట్ 12»కి జవాబుండదు. దాన్ని క్వెరీగా, అంటే జవాబు ఆశించే ప్రశ్నగా, పంపితే ఆ 2 సెకన్లూ కూర్చుని టైమౌట్ ఇస్తుంది. సప్లై పాడైందనుకోకు.

స్పెల్లింగు తప్పితే ప్రోగ్రాముకి ఏ ఫిర్యాదూ రాదు. సప్లై బీప్‌మని, తప్పుని తన వరసలో దాచుకుని ఊరుకుంటుంది. అందుకే ప్రతి సెట్టింగు తర్వాత «సిస్ట్:ఎర్ర్?» అడుగు, సున్నా వచ్చేదాకా. -113 అంటే కమాండ్ పేరు అర్థం కాలేదు. -222 అంటే అంకె హద్దు దాటింది. రీసెట్ తర్వాత ఇది 15 వోల్టులు, 7 ఆంపియర్ల రేంజ్‌లో ఉంటుంది. అక్కడ 24 అడిగితే వచ్చేది ఇదే. ముందు 30 వోల్టులు, 4 ఆంపియర్ల రేంజ్‌కి మార్చాలి.

కమాండ్ల వరస మాత్రం తప్పకు. రీసెట్ చేసే «*ఆర్‌ఎస్‌టీ» పంపితే అవుట్‌పుట్ ఆగుతుంది, కానీ ఓవర్‌వోల్టేజ్ హద్దు (వోల్టేజ్ దాన్ని దాటితే అవుట్‌పుట్ ఆగిపోతుంది) 32 వోల్టులకి పోతుంది. అంటే 12 వోల్టుల బోర్డుకి రక్షణ లేనట్టే. అందుకని ముందు ఆ హద్దు 13.5కి దించు, తర్వాత కరెంటు లిమిట్, తర్వాత వోల్టేజ్, అన్నిటికన్నా చివర అవుట్‌పుట్ ఆన్. హద్దులు స్క్రిప్టులో ఇఫ్ పెట్టి కాపాడేవి కావు, పరికరంలోనే ఉండాలి. స్క్రిప్టు చచ్చినా అవి బతికుంటాయి.

ఆన్ చేసిన వెంటనే కొలవకు. బోర్డు ముఖాన 4700 మైక్రోఫారడ్ల కెపాసిటర్ ఉండి, లిమిట్ 0.1 ఆంపియర్ అయితే, 12 వోల్టులకి చేరడానికి 0.56 సెకను పడుతుంది. 0.1 సెకనుకి కొలిస్తే 2.1 వోల్టులే కనిపిస్తుంది, నువ్వేమో బోర్డులో షార్ట్ వెతుకుతుంటావు. «*ఓపీసీ?» 1 అన్నా అది కమాండ్ ముగిసిందన్న మాటే, కెపాసిటర్ నిండిందన్న మాట కాదు. వోల్టేజ్‌తో పాటు కరెంటూ చదువు: వోల్టేజ్ తక్కువగా ఉండి కరెంటు లిమిట్ దగ్గర ఆగితే ఇంకా నిండుతోంది, లేదా నిజంగానే షార్ట్. దించేటప్పుడు కూడా అంతే. లోడు లేకపోతే వోల్టేజ్ తాపీగా దిగుతుంది.

తీగల సంగతి. 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ, ఒక్కోటి మీటరున్నర, 5 ఆంపియర్లు. రానూ పోనూ కలిపి పావు వోల్టుకి పైనే పోతుంది. సప్లై 5.00 అంటుంది, బోర్డుకి 4.74 అందుతుంది. సెన్స్ తీగలు (సప్లై వోల్టేజ్ కొలుచుకునే విడి తీగలు) బోర్డు దగ్గరికే తీసుకెళ్లు, గట్టిగా బిగించు. సెన్స్ తీగ ఊడితే సప్లై చదివే అంకెకి బోర్డు దగ్గరి వోల్టేజ్‌తో పొంతన ఉండదు.

ఇక ప్రోగ్రాము మధ్యలో పోతే? ఫైనల్లీ బ్లాకులో (ప్రోగ్రాము తప్పుతో ఆగినా నడిచే భాగం) «అవుట్ప్ ఆఫ్» తప్పకుండా పెట్టు, అయినా కంప్యూటరు అప్‌డేట్ కోసం రీస్టార్ట్ అయితే ఆ లైను నడవదు. కమ్యూనికేషన్ తెగితే అవుట్‌పుట్ ఆపే వాచ్‌డాగ్ కొన్ని సప్లైలకే ఉంటుంది. రాత్రంతా నడిపే టెస్టుకి మెయిన్స్ దగ్గర టైమర్ స్విచ్ పెట్టు. మన దగ్గర ఇంకోటి ఉంది: కంప్యూటరు యూపీఎస్ మీద, సప్లై గోడ ప్లగ్గు మీద. కరెంటు పోయొస్తే సప్లై రీసెట్ స్థితిలో, అవుట్‌పుట్ ఆపి లేస్తుంది, నీ స్క్రిప్టు సున్నాలు రాసుకుంటూ పోతుంది. రెండూ ఒకే యూపీఎస్ మీద పెట్టు, లేదా ప్రతి రీడింగుకి ముందు «అవుట్ప్?» అడిగి 0 వస్తే టెస్టు ఆపు.

మొదటి రోజు బోర్డు బదులు 100 ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టరు కట్టు. 12 వోల్టుల దగ్గర 0.12 ఆంపియర్ రావాలి. అది వస్తుండగా టాస్క్ మేనేజర్‌లో పైథాన్‌ని చంపేసి, సప్లై డిస్‌ప్లే వైపు చూడు. 12 వోల్టులు అలాగే వెలుగుతుంటుంది.

మీ మామయ్య