అది మొలలు కాకపోవచ్చు, ముందు సర్జన్‌కు చూపించండి

అమ్మగారికి 68 ఏళ్లు, విరేచనానికి కూర్చుంటే ఎర్రటి కండ బయటికొస్తోందని, మొలల ఆయింట్‌మెంట్ రాసినా తగ్గలేదని రాశారు. ఇది పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం) జారడం, అంటే డాక్టర్లు రెక్టల్ ప్రొలాప్స్ అనేది అయ్యుండొచ్చు.

తేడా మడతల్లో తెలుస్తుంది. పేగు మొత్తంగా జారితే దాని మీద మడతలు ఒకదాని చుట్టూ ఒకటి గుండ్రంగా కనిపిస్తాయి. మొలలైతే విడివిడి బుడిపెలు, వాటి మధ్య నిలువు గాడులు ఉంటాయి. బయటికొచ్చినప్పుడు ఫోటో తీసి ఉంచండి, ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పరీక్ష బల్ల మీద పడుకోబెడితే చాలాసార్లు అది బయటికే రాదు, అసలు జబ్బు తప్పిపోయేది అక్కడే. కమోడ్ మీద కూర్చోబెట్టి, ముక్కించి చూడమని మీరే అడగండి. అప్పటికీ కనిపించకపోతే డిఫెకోగ్రఫీ, అంటే విరేచనం చేస్తుండగా తీసే స్కాన్, చేస్తారు. పేగులో గడ్డలేమైనా ఉన్నాయేమోనని కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పేగు లోపల చూడటం), మలం మీద పట్టు తప్పుతుంటే మానోమెట్రీ (మలద్వారం కండరాల బిగువు కొలిచే పరీక్ష) చేస్తారు.

ఏళ్ల తరబడి మలబద్ధకంతో ముక్కడం, వయసుతోనో కాన్పులతోనో కటి కండరాలు సడలడం ప్రధాన కారణాలు. కాన్పులే లేనివాళ్లకూ వస్తుంది.

పెద్దవాళ్లలో పూర్తిగా జారితే మందులతో నయం కాదు, ఆపరేషనే దారి. ఈలోపు ముక్కకుండా చూడండి: ఇసబ్‌గోల్ ఒకటి రెండు చెంచాలు, పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగించాలి. జారింది లోపలికి పోకపోతే పక్కకు పడుకోబెట్టి, తడి గుడ్డతో నెమ్మదిగా నొక్కండి. అయినా పోకపోయినా, నల్లబడినా, నొప్పి పెరిగినా ఆలస్యం చేయకుండా ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.