పక్కింటి అమ్మాయి తరఫున నేను కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. నేను మిషన్ శక్తి అనే మహిళా స్వయం సహాయక సంఘంలో ఉన్నాను. మా వీధిలో ఉన్న ఒక కోడలు పిల్ల పుట్టిల్లు మహేంద్రతనయ నదికి అవతల, ఆంధ్రలోని పాతపట్నం. 2023 అక్టోబరు నెలాఖరులో భర్త కొడితే ఎడమ చెయ్యి విరిగింది. ఆ రాత్రి పరుగెత్తుకుని మా ఇంటికే వచ్చింది. తర్వాత అత్తగారు ఆసుపత్రికి తీసుకెళ్లి, బాత్రూములో జారిపడిందని చెప్పింది. పిల్లకి ఒడియా అంతంత మాత్రం. ఎక్స్‌రే తీసి, ఒక రాత్రి ఉంచుకుని, కట్టు వేసి పంపారు. కుల పెద్దలు కూర్చుని ఆమె తండ్రికి 40,000 రూపాయలు ఇప్పించారు. ఇక గొడవ లేదని ఒడియాలో కాగితం రాసి ఆమెతో వేలిముద్ర వేయించారు. నాలుగు నెలల క్రితం మళ్లీ కొట్టి గెంటేస్తే కొడుకుతో తల్లి దగ్గరికి వెళ్లిపోయింది. కేసు పెడదామంటే ‘చూద్దాం అక్కా’ అంటోంది. చెల్లెలికి వచ్చిన సంబంధం చెడుతుందని తల్లి భయం. మూడేళ్లు దాటితే కేసు చెల్లదంటున్నారు. ఆమె తరఫున నేనే పెట్టొచ్చా? తెలిసిన డాక్టరు పాత తేదీతో సర్టిఫికెట్ ఇస్తానన్నారు. ఆ రాత్రి నేను తీసిన వీడియో ఉంది. అత్తవారు నా మీద పరువునష్టం కేసు వేస్తామంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: అమ్మా, మీరు రాసింది నాలుగు పేజీలు, ఇక్కడ కుదించి వేశాం. వాటిలో మూడు పేజీలు మీ బాధ, వీధిలో వాళ్లు మీతో మాట్లాడడం మానేసిన సంగతి. దాని గురించి నేనేమీ రాయను. కేసును నిలబెట్టేది మీరు దారిన పోతూ రాసినట్టు రాసిన ఒక్క ముక్క: ‘ఎక్స్‌రే తీసి’.

ఎందుకో చెబుతాను. ఘటన 2023లో జరిగింది కాబట్టి దానికి పాత శిక్షాస్మృతి ఐపీసీయే వర్తిస్తుంది. కొత్త భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచే అమల్లోకి వచ్చింది. భర్త క్రూరత్వానికి వేసే 498ఏ సెక్షన్‌లో శిక్ష మూడేళ్ల వరకు. అంత శిక్ష ఉన్న నేరాలకు కాలపరిమితి మూడేళ్లు. మీకు చెప్పినవాళ్లు ఈ ఒక్క లెక్క విని, 2026 అక్టోబరు నెలాఖరుతో అంతా అయిపోతుందని భయపెట్టారు. కానీ ఎముక విరిగితే అది చట్టం దృష్టిలో తీవ్ర గాయం. ఐపీసీ 325 కింద ఏడేళ్ల వరకు శిక్ష. మూడేళ్లు మించి శిక్ష పడే నేరానికి ఈ కాలపరిమితే లేదు. రెండు నేరాలూ కలిపి విచారించదగినవైతే పెద్ద నేరాన్ని బట్టే గడువు చూడాలని కూడా చట్టం చెబుతోంది. అంటే 325 నిలబడితే దాని వెంట 498ఏ కూడా నిలబడుతుంది. ఇది కాక, నాలుగు నెలల క్రితం మళ్లీ కొట్టాడు. క్రూరత్వం సాగుతూ ఉన్న నేరమని, కొత్తగా జరిగిన ప్రతిసారీ గడువు కొత్తగా మొదలవుతుందని సుప్రీంకోర్టు 1999లోనే చెప్పింది. గృహహింస చట్టం 12వ సెక్షన్ కింద వేసే దరఖాస్తుకు ఈ కాలపరిమితి అడ్డు రాదని 2022లో తేల్చింది.

కాబట్టి ‘అక్టోబరులోగా తేల్చుకో’ అని ఆ పిల్ల మీద పడడం మానండి. అక్టోబరులోగా తీసుకోవలసింది ఆమె నిర్ణయం కాదు, ఆసుపత్రి కాగితాలు. ఇన్‌పేషెంట్ల రికార్డును డాక్టర్లు మూడేళ్లు భద్రపరచాలని, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనలు చెబుతున్నాయి. ఒక రాత్రి ఉంచుకున్నారు కాబట్టి ఆమెకు కేస్ షీట్ ఉంటుంది. ఆ మూడేళ్లు కూడా ఆ అక్టోబరుకే నిండుతాయి. ఆ తర్వాత రికార్డు గదిలో ఎలకలు కొట్టేశాయన్నా అడిగే దిక్కుండదు. కాగితాలు తెచ్చుకున్నంత మాత్రాన కేసు పెట్టినట్టు కాదు. ఈ సంగతి ఆమెకూ వాళ్లమ్మకూ ముందు చెప్పండి. ‘చూద్దాం’ అన్న మనిషి ఈ ఒక్క సంతకానికి వెనకాడకపోవచ్చు.

ఇక మీ అసలు ప్రశ్న. 498ఏ విషయంలో మీ సంతకం చెల్లదు. బాధితురాలు గానీ, ఆమె రక్తసంబంధీకులు, వివాహం వల్లనో దత్తత వల్లనో బంధువులైనవారు గానీ, అలాంటి బంధువులెవరూ లేకపోతే ప్రభుత్వం నోటిఫై చేసిన అధికారి గానీ చెబితేనే పోలీసులు నేరుగా కేసు తీసుకోగలిగిన నేరం అది. ‘అక్క’ అని పిలిచినా పొరుగావిడ ఆ జాబితాలో లేరు. గృహహింస చట్టంలో ఆమె తరఫున ఇంకొకరు దరఖాస్తు వేయవచ్చని ఉంది, నిజమే. అయినా వేయకండి. మేజిస్ట్రేటు పిలిచిన రోజున ఆమె తల వంచుకుని ‘నేను అడగలేదండీ’ అంటే అక్కడితో సరి. అవతలి లాయరు ఆ మాటను రేపు ఆమె నిజంగా కేసు వేసినప్పుడు తీసి చూపిస్తాడు. ఇలాంటి మేలు చేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. ఆవేశం వాళ్లది, ఆ రాత్రి తిరిగి ఆ ఇంట్లో పడుకోవలసింది ఇంకొకరు.

మీరు ఫిర్యాదుదారు కాదమ్మా, సాక్షి. అదీ మంచి సాక్షి. చెయ్యి విరిగిన కాసేపటికే ఆమె మీ గుమ్మంలోకి వచ్చి ఏమంది? ‘నా చెయ్యి విరిచేశాడక్కా’ అందా, ‘చెయ్యి విరిగిపోయిందక్కా’ అందా? ఆ తేడా మీకు చిన్నదిగా కనిపించవచ్చు. మొదటి మాటలో మనిషి ఉన్నాడు, రెండో మాటలో లేడు. ఎముక విరిగిందని ఎక్స్‌రే చెబుతుంది గానీ, ఎవరు విరిచారో చెప్పదు. దెబ్బ తిన్న వెంటనే నోట వచ్చిన మాటకు సాక్ష్యంలో విలువ ఉంది. ఈ రోజే కూర్చుని, గుర్తున్నది గుర్తున్నట్టు, ఆమె అన్న తెలుగు మాటల్లోనే రాసి కింద ఇవాళ్టి తేదీ వేయండి. గుర్తులేనిది కల్పించవద్దు.

ఆ డాక్టరు సంగతి. పాత తేదీ సర్టిఫికెట్ ముట్టుకోవద్దు. ఆయన దగ్గరికి మళ్లీ వెళ్లవద్దు కూడా. కోర్టు కోసం దొంగ సాక్ష్యం పుట్టిస్తే భారతీయ న్యాయ సంహిత 229 కింద ఏడేళ్ల వరకు జైలు. అది మీకు, ఆయనకు, ఒక్కోసారి ఆ పిల్లకు కూడా. శిక్ష మాట పక్కన పెట్టినా, ఆయన ఓపీ రిజిస్టరులో ఆ రోజు ఆమె పేరు లేదని అవతలివాళ్లు ఒక్క ప్రశ్నతో తేలుస్తారు. అప్పుడు నిజమైన ఎక్స్‌రేను కూడా ఎవరూ నమ్మరు. దాన్ని లైటుకు పెట్టి చూస్తే ఓ మూల పేరు, నంబరు, తేదీ, ఎడమ చెయ్యి అని గుర్తు ఉంటాయి. అంత గట్టి వస్తువు ఉండగా దొంగ కాగితం ఎందుకు?

కేస్ షీట్‌లో ‘జారిపడింది’ అని రాసి ఉంటుంది కదా అంటారు. ఉంటుంది. అది ఆమె నోటి నుంచి వచ్చింది కాదు. అత్తగారు ఒడియాలో చెబితే రాసుకున్నారు. పక్కన ఎవరున్నారు, ఎవరు చెప్పారు, రోగికి ఆ భాష వచ్చా అని డాక్టర్ని క్రాస్ ఎగ్జామినేషన్‌లో అడిగితే చాలావరకు విడిపోతుంది. సరిహద్దు ఊళ్లలో ఇది కొత్త కాదు. కోడలు తెలుగు, ఆసుపత్రి ఒడియా, మధ్యలో మాట చేరవేసేది అత్తగారో ఆడపడుచో. ఇకనుంచి ఆమె పోలీసులతో మాట్లాడినా, గృహహింస చట్టం కింద ఉండే ప్రొటెక్షన్ ఆఫీసరుతో మాట్లాడినా, అత్తవారి వైపు మనిషి దుబాసీగా ఉండకూడదు. మీరూ ఉండకూడదు. సాక్షి దుబాసీ అయితే, ‘అక్క నేర్పిన మాటలు’ అంటారు.

పెద్దలు రాయించిన కాగితం మీద మీకు కోపం. నాకు సంతోషం. పోలీసుల దగ్గరికి, కోర్టుకి వెళ్లకూడదని రాసుకున్న ఒప్పందం కాంట్రాక్టు చట్టం 23, 28 సెక్షన్ల ముందు నిలవదు. పైగా బాత్రూములో జారిపడిన మనిషికి పెద్దలు కూర్చుని 40,000 ఎందుకు ఇప్పించినట్టు? ఇంత మంచి ప్రశ్న నేను కష్టపడినా తయారు చేయలేను. సంతకం చేయగలిగిన పిల్లతో వేలిముద్ర ఎందుకు వేయించారన్నది రెండోది. ఆ కాగితం ఎవరి దగ్గర ఉందో, రాసిందెవరో కనుక్కోండి. గొడవ పడకుండా ఫొటో దొరికితే ఉంచుకోండి. డబ్బు తండ్రికి ముట్టిన మాట మాత్రం దాచవద్దు. దరఖాస్తులో మొదటే చెప్పేయాలి.

వీడియో దగ్గర మిమ్మల్ని కోప్పడక తప్పదు. ఆమెను అడగకుండా తీశానని మీరే రాశారు. సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆపై ఆ ఫోను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేసి కొత్తది కొనుక్కున్నారు! అసలు ఫైలు పోయింది. మిగిలింది వాట్సాప్ నలిపేసిన కాపీ. డిజిటల్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియమ్ 63 ప్రకారం సర్టిఫికెట్ కావాలి. అందులో హాష్ వాల్యూ (ఫైలు మారలేదని చూపే గుర్తు) రాయాలి, ఒక భాగంలో నిపుణుడు సంతకం చేయాలి. గ్రూపులో మొదట అందుకున్నవాళ్లలో ఎవరి ఫోనులోనైనా అది చెక్కుచెదరకుండా ఉంటే ఆ ఫోను మార్చవద్దని చెప్పండి. మిగతా అందరినీ తీసేయమనండి. ఫేస్‌బుక్‌లో పెడదామన్న కుర్రాణ్ని దగ్గరికి రానివ్వకండి. ఆమె మీకు చెప్పుకున్నది ఎంతో, చెప్పుకోలేనిది ఎంతో మీకు తెలియదు. ఆమె ఇప్పుడు మీతో ‘చూద్దాం’ అంటున్నదంటే అందులో ఈ వీడియో పాలు ఎంతో కూడా ఆలోచించండి.

పరువునష్టం బెదిరింపుకు ఇక్కడే జవాబుంది. గృహహింస జరిగిందని మంచి మనసుతో ప్రొటెక్షన్ ఆఫీసరుకు చెప్పినవారి మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ బాధ్యత ఉండదని ఆ చట్టం 4వ సెక్షన్ చెబుతోంది. ఆ రక్షణ అధికారికి చెప్పినప్పటిదే. వాట్సాప్ గ్రూపుకు చెప్పినదానికి కాదు.

ఆమె సరే అన్న రోజున పర్లాకిమిడికి తిరగనక్కరలేదు. గృహహింస దరఖాస్తు ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోట కూడా వేయవచ్చు. అంటే పాతపట్నం మేజిస్ట్రేటు కోర్టు పరిధిలోనే. అక్కడ వచ్చిన ఉత్తర్వు దేశమంతా చెల్లుతుంది. రక్షణ ఉత్తర్వును భర్త మీరితే ఏడాది వరకు జైలు, 20,000 వరకు జరిమానా. పిల్లవాడి ఖర్చుకు మధ్యంతర భృతి, ఉండడానికి చోటు అందులోనే అడగవచ్చు. 498ఏ కేసును కూడా భార్య తలదాచుకున్న చోట పెట్టవచ్చని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. లాయరు ఫీజు గురించి దిగులు వద్దు. ఆదాయంతో పని లేకుండా ఆడవాళ్లందరికీ న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని ఇస్తుంది. ఫోను 15100. ప్రొటెక్షన్ ఆఫీసరు దగ్గరికి దారి కావాలంటే 181. చెల్లెలి సంబంధం గురించి వాళ్లమ్మకు నేను చెప్పగలిగింది ఒక్కటే. గృహహింస కేసును మూసిన గదిలో విచారించమని 16వ సెక్షన్ కింద అడగవచ్చు.

ఈ వారంలో చేయాల్సింది చిన్న పని. ఆసుపత్రి సూపరింటెండెంటు పేర దరఖాస్తు. తన పేరు, చేరిన తేదీ, కేస్ షీటు, ఎక్స్‌రే ఫిల్ము లేదా రిపోర్టు, డిశ్చార్జి చీటీ, మెడికో లీగల్ రిజిస్టరులో (పోలీసు కేసు కాగల గాయాలు రాసే పుస్తకంలో) నమోదు ఉంటే దాని నకలు కావాలని రాయాలి. ఒడియాలో మీ సంఘంలో ఎవరైనా రాసిపెట్టవచ్చు. కానీ ఆమెకు తెలుగులో చదివి వినిపించి, వేలిముద్ర కాకుండా సంతకమే చేయించాలి. వెంట వాళ్లమ్మ వెళ్లాలి, మీరు కాదు. రెండు ప్రతులు తీసుకెళ్లి రెండోదాని మీద తేదీతో అందినట్టు ముద్ర వేయించుకోవాలి. ఆ ప్రతి, వచ్చిన కాగితాలు ఆమె దగ్గరే ఉండాలి. మీ బీరువాలో కాదు.