41 శాతం చూసి ఏడవబాక అమ్మాయ్

అమ్మాయ్,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలా. డీఎస్సీ రిజల్ట్ వచ్చిన రోజు సంతోషంతో ఏడ్చావు, మళ్లీ నిన్న ఆరో తరగతి లెక్కల యావరేజ్ 41 శాతం వచ్చింది పెదనాన్నా అని ఏడ్చావు. మీ హెచ్ఎం గారు సోమవారానికి వెనకబడ్డ పిల్లల్ని ఎట్టా పైకి తెస్తావో రెమిడియల్ ప్లాన్ రాసివ్వమన్నారు, చుట్టుపక్కల స్కూళ్ల టీచర్లందరూ కూడే కాంప్లెక్స్ మీటింగ్‌లో అందరి ముందు అడుగుతారని నీ భయం. నువ్వు వాట్సాప్‌లో పంపిన మార్కుల లిస్టు, ప్రశ్న పత్రం, పిల్లలు గుండ్రాలు దిద్దిన ఆ ఓఎంఆర్ జవాబు షీట్ల ఫొటోలు అన్నీ పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని కూర్చుని చూశా. ఫోన్‌లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తుండా, నిదానంగా చదువు.

ముందు ఆ 41ని పక్కన పెట్టు. లిస్టు చూడు, 28 మంది రాశారు, 20 బిట్లు. పదహారు మందికి 4 నుంచి 6 లోపు వచ్చినయ్. తొమ్మిది మందికి 13 నుంచి 17 దాకా వచ్చినయ్. మధ్యలో ఏడేసి మార్కులతో ముగ్గురంటే ముగ్గురే ఉండారు. యావరేజ్ ఎనిమిది చిల్లర అంటుంది కానీ ఎనిమిది వచ్చిన పిల్లోడు నీ క్లాసులో ఒక్కడు కూడా లేడు. నువ్వు ఆ 41ని మనసులో పెట్టుకుని పాఠం చెప్తే అది తొమ్మిది మందికి చప్పగా ఉంటది, పదహారు మందికి అందదు, ఇంక ఎవరికోసం చెప్పినట్టు?

ఇంకో సంగతి. ఒక్కో బిట్టుకి నాలుగు ఆప్షన్లు కదా, ప్రశ్న చదవకుండా కళ్లు మూసుకుని గుండ్రాలు దిద్దినా 20కి సుమారు 5 వస్తయ్. అందుకని ఆ పదహారు మందిలో 6 వచ్చినోడు 4 వచ్చినోడి కంటే మెరుగు అనుకోబాక, ఆ రెండు మార్కుల తేడాకి అర్థం లేదు. అట్టాగని వాళ్లకేం రాదని కూడా కాదు, వాళ్లకి ఏం వచ్చో ఈ పేపర్ మనకి చెప్పలేకపోయింది, అంతే. మీ పక్క స్కూల్ యావరేజ్ 46 అంటున్నావు, అక్కడ రాసింది 15 మంది, బాగా చదివే ఇద్దరు పిలకాయలు ఆ రోజు పెళ్లికి పోయుంటే వాళ్లది మనకంటే కిందకి దిగేది, ఆ పోలిక మానెయ్.

ఇప్పుడు అసలు పని. ఒక వైట్ చార్ట్ తీసుకో, పేర్లు నిలువుగా, ప్రశ్నల నంబర్లు అడ్డంగా రాసి గళ్లు గియ్యి. గళ్లలో రైటు, తప్పు అని మార్కులు పెట్టబాక, ఆ పిల్ల ఏ ఆప్షన్ దిద్దిందో ఆ అక్షరమే రాయి, ఖాళీ వదిలితే ఖాళీగానే ఉంచు. 28 ఇరవైలు 560 గళ్లు, గంటన్నర పని, ఎక్సెల్‌లో చేసుకున్నా సరే. నేనైతే కాగితం మీదే చేయమంటా, రాసేటప్పుడే కంటికి కొన్ని తగుల్తయ్.

నేను నీ ఫొటోల్లోంచి పదకొండో బిట్టు ఒక్కటి లెక్కేశా. 402 లోంచి 157 తీసెయ్యమన్నారు. సరైన జవాబు 245, పది మంది దిద్దారు. మిగతా పద్దెనిమిది మందిలో పద్నాలుగు మంది 355 దిద్దారమ్మా, పద్నాలుగు మంది! ఊరికే గుడ్డిగా దిద్దితే ఒకే తప్పు మీద ఇంతమంది కూడరు. ఆ 355 ఎట్టా వచ్చిందో చూడు, ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు కాబట్టి 7 లోంచి 2 తీశారు, పదుల స్థానంలో సున్నా లోంచి 5 పోదు కాబట్టి 5 అట్టాగే రాశారు, వందల్లో 4 లోంచి 1 పోతే 3. అంటే వాళ్లకి పెద్ద అంకె లోంచి చిన్న అంకె తీసెయ్యాలనే ఒక రూల్ ఉంది, దాన్ని తప్పు లేకుండా పాటించారు. ఏ రెండో తరగతిలోనో పెద్ద దాంట్లోంచి చిన్నది తీసెయ్యి అని ఎవరో చెప్పిన మాట ఇక్కడిదాకా లాక్కొచ్చారు. ముగ్గురు 255 దిద్దారు, వాళ్లకి అప్పు తెచ్చుకోవడం తెలుసు కానీ సున్నా దగ్గర తిరకాసు, పదుల స్థానం నుంచి ఒకట్లకి ఇచ్చేశాక అక్కడ 10 కాదు 9 మిగిలిందని మర్చిపోయారు. ఒకడు 345 దిద్దాడు, వాడు వందల నుంచి అప్పు తెచ్చి వందల్లో తగ్గించలా. మార్కుల లిస్టులో ఈ పద్దెనిమిది మందికీ ఒకటే సున్నా, కానీ జబ్బులు మూడు, మందులూ మూడు. నువ్వు అందరికీ కలిపి ఇంకో ఇరవై తీసివేతలు హోమ్‌వర్క్ ఇచ్చావనుకో, ఆ పద్నాలుగు మంది ఇరవై సార్లు అదే తప్పు రూల్‌ని ఇంకా గట్టిగా నేర్చుకుంటారు.

వాళ్లకి బోర్డు మీద కాదు, చేతికి డబ్బులు ఇచ్చి చెప్పు, అట్ట ముక్కల మీద వంద, పది, ఒకటి అని రాసి ఇవ్వు. వంద నోట్లు నాలుగు, రూపాయి బిళ్లలు రెండు ఇచ్చి నాకు 157 ఇవ్వమ్మా అని అడుగు. చిల్లర లేదు టీచర్ అంటారు, అప్పుడు వంద మార్చుకోమను, పది పదులు వస్తయ్, అందులో ఒక పదిని మళ్లీ బిళ్లలుగా మార్చుకోమను. కొట్టుకి పోయి నూనె ప్యాకెట్ తెచ్చి చిల్లర లెక్కపెట్టి అమ్మకిచ్చే పిలకాయలు వీళ్లు, చేత్తో మార్చితే రెండో రోజుకి పట్టుకుంటారు. మూడో రోజు అదే పనిని పక్కనే పలక మీద అంకెల్లో రాయించు.

ఇంక పదిహేడో బిట్టు చూడు, నాలుగు లైన్ల పెద్ద భాగహారం లెక్క. దానికి జవాబులు నాలుగు ఆప్షన్ల మీదా ఏడేసి మంది చొప్పున సమానంగా పడినయ్. పదకొండో దానిలాగా తప్పు ఒక చోట కుప్ప పడలా. అట్టా చెదిరిపోయినయ్ అంటే చాలామంది ఆ ప్రశ్నని చదివి అర్థం చేసుకోకుండానే దిద్దారని అనుమానించాలి, అది భాగహారం రాకపోవడం కాకపోవచ్చు.

ఇది నాకు తెలిసిరావడానికి ఒక పిల్లోడు మూల్యం కట్టాడు. 1996లో దర్శి వైపు ఒక స్కూల్లో చేస్తుండగా ఏడో తరగతిలో ఒక పిల్లోడికి రాత లెక్కలన్నీ తప్పులే. నేను మార్కులు చూసి వీడికి భాగహారం రాదని తేల్చి, సాయంత్రం బడి అయ్యాక కూర్చోబెట్టి రెండు వారాలు భాగహారమే చేయించా, వాడు మాట్లాడకుండా చేసేవాడు. మళ్లీ పరీక్ష, మళ్లీ అదే. అప్పుడు విసుగొచ్చి ప్రశ్న గట్టిగా చదవరా అన్నా, వాడు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటా రెండో లైనుకి వచ్చేసరికి మొదటి లైను మర్చిపోయాడు. నేను చదివి వినిపిస్తే నోటితోనే జవాబు చెప్పాడు. రెండు వారాలు వాడికి వచ్చిందే వాడి చేత చేయించి, రానిదాని జోలికి పోలా నేను. ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తది.

ఆస్ట్రేలియాలో న్యూమన్ అనే ఆవిడ 1977లోనే దీనికొక వరస చెప్పింది, ట్రైనింగుల్లో విని నేను చాలా ఏళ్లు వాడా. లెక్క తప్పు చేసిన పిల్లని ఐదు అడగాలి. ఇది చదువు. ఏం అడుగుతుండారో నీ మాటల్లో చెప్పు. ఎట్టా చేద్దామనుకుంటున్నావు. చేసి చూపించు. ఇప్పుడు జవాబు రాయి. ఎక్కడ ఆగిందో అక్కడే నీ పాఠం మొదలవ్వాలి. నీ పిలకాయలకి ఇంకోటి కూడా కలుపుకో, ఇంగ్లీష్ మీడియం కదా, రిమైండర్, డిఫరెన్స్ అనే మాటల దగ్గరే ఆగిపోయేవాళ్లు ఉంటారు. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీష్, ఎదురు పేజీ తెలుగు ఉండేది అందుకే, తెలుగులో చెప్పి మళ్లీ అడుగు, చేసేస్తే అది లెక్కల లోపం కాదు, మాట లోపం, వాళ్లకి గోడ మీద మాటల చార్ట్ కావాలి.

ఆ పదహారు మందినీ విడివిడిగా పిలువు. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు 2005 నుంచి, పిల్లలకి చదువు ఎంత వచ్చో చూసే అసర్ సర్వేకి ఊళ్లల్లో ఇంటింటికీ పోయి పిల్లలతో చేయించే పద్ధతి ఉంది చూడు, చదవడంలో అక్షరాలు, పదాలు, చిన్న పేరా, తర్వాత రెండో తరగతి స్థాయి కథ, లెక్కల్లో అంకెలు గుర్తుపట్టడం, అప్పు తెచ్చుకునే రెండంకెల తీసివేత, మూడంకెల్ని ఒక అంకెతో భాగించడం. ఒక్కో పిల్లకి ఐదారు నిమిషాలు చాలు, రోజుకి నలుగురు, నాలుగు రోజుల్లో అయిపోతుంది. మిగతా పిలకాయలకి వినపడకుండా వరండాలో కూర్చోబెట్టుకుని అడుగు, తప్పు చెప్పినా మొహం మార్చబాక. ఒకరిద్దరు మంచి పిలకాయలే ఆ రోజు ఓఎంఆర్‌లో ఒక వరస తప్పించి కిందికి దిద్దుకుంటా పోయుంటారు, వాళ్లు కూడా ఇక్కడ దొరికిపోతారు.

రోల్లో 31 ఉంటే రాసింది 28 అన్నావు. ఆ ముగ్గురు ఎక్కడున్నారో కనుక్కో, హైదరాబాదో బెంగుళూరో పనికి అమ్మానాన్నతో పోయుంటే వచ్చిన రోజే ఈ ఐదు నిమిషాల పరీక్ష వాళ్లకీ పెట్టు.

మీటింగ్‌లో ఎవరైనా నాస్, అదే దేశమంతా పిల్లల చదువు మీద చేసే నేషనల్ అచీవ్‌మెంట్ సర్వే, లెక్కలు తీస్తే కంగారుపడబాక. 2017లో, 2021లో జరిగింది నాస్, 2024 డిసెంబర్ 4న జరిగింది పరఖ్ రాష్ట్రీయ సర్వేక్షణ్, అది 3, 6, 9 తరగతులకి. ఇవి కొన్ని స్కూళ్లని, కొందరు పిల్లల్ని తీసుకుని జిల్లా ఎట్టా ఉందో చెప్పేవి, నీ ఆరో తరగతి ఎట్టా ఉందో, నీ పిల్ల ఎట్టా ఉందో చెప్పవు. జిల్లా మొత్తం మీద ఏ అంశం బలహీనంగా ఉందో చూసి, ఆ అంశం మీద మనమూ రెండు ప్రశ్నలు వేసి చూసుకోడానికి పనికొస్తయ్. 2021 నాస్ స్కోరు 500 స్కేలు మీద ఇచ్చారు, 300 అంటే అరవై శాతం మార్కులని చదివేవాళ్లని నేను చూశా, అది అట్టా కాదు. పర్సంటైల్ సంగతి నీకు తెలుసు, జేఈఈ రాసినదానివేగా, అది ఎంతమంది కంటే పైన ఉండారో చెప్తది కానీ ఎన్ని వచ్చినయ్యో చెప్పదు.

మీ హెచ్ఎం గారికి ఇచ్చే ప్లాన్ ఒక్క పేజీ చాలు. తీసివేతలో అప్పు దగ్గర పద్నాలుగు మంది, సున్నా దగ్గర ముగ్గురు, చదవడం దగ్గర ఇంతమంది, మొదటి మూడు వారాలు ఇది చేస్తా, నాలుగో వారం ఇట్టా చూస్తా అని రాయి. బిట్లు ప్రాక్టీస్ చేయిస్తానని రాయబాక. గ్రూపులు కూడా లెక్కని బట్టే కట్టు, తీసివేత గ్రూపులో ఉన్న పిల్ల కొలతల్లో బాగా చేస్తుంటే అక్కడ ఇంకో గ్రూపులో కూర్చుంటది. ఏ, బీ, సీ అని పేర్లు పెట్టి ఏడాదంతా ఒకే బెంచీకి కట్టెయ్యబాక, పిలకాయలు ఆ అక్షరాన్ని ఇంటిదాకా మోసుకుపోతారు. ఒక అంశం మీద పేపర్లో ఒకటే ప్రశ్న ఉంటే దాని మీద ఏ గ్రూపూ కట్టబాక, ఇంకో మూడు నువ్వే ఇచ్చి చూసుకో.

మీ ఊరి చుట్టూ పొగాకే కదా, సంక్రాంతి దాటాక ఆకు కాల్చే బ్యారన్లు ఊపందుకుంటే సగం మంది పొద్దునపూట నిద్రమొహాలతో వస్తారు, కొందరు రానే రారు. అందుకని ఈ తీసివేత పని సంక్రాంతి లోపు అయిపోవాలి, సిలబస్ రెండు వారాలు వెనకపడితే పడనీ, ఇది రాకుండా దశాంశాలు చెప్పినా నిలబడవు.

నాలుగో వారం 503 లోంచి 268 తీసెయ్యమను, ఆప్షన్లు ఇవ్వకుండా. 365 రాసినోళ్లు ఎందరో లెక్కపెట్టు, 14 కాస్తా 5 అయితే నీ పని పారినట్టు, ఆ ఐదుగురిని మళ్లీ డబ్బుల దగ్గరికి తీసుకుపో. తర్వాత వచ్చే ఎస్ఏ (సమ్మేటివ్) పరీక్ష మార్కులతో ఈ 41ని పోల్చబాక, ఆ పేపర్ వేరు, ఈ పేపర్ వేరు. మరీ కింద ఉన్నోళ్లకి తర్వాత పరీక్షలో మనమేం చేయకపోయినా కొంచెం పెరగడం మామూలే, దాన్ని చూసి కూడా మోసపోబాక.

పేరెంట్స్ మీటింగ్‌లో శాతాలు చెప్పబాక, వాళ్లమ్మకి 20కి 5 అని చెప్తే ఇంటికి పోయి వీపు మీద రెండేస్తది తప్ప ఇంకేం జరగదు. మీ వాడు అప్పు తెచ్చుకునే దగ్గర తడబడుతుండాడమ్మా, కొట్టుకి పంపినప్పుడు చిల్లర ఎంత రావాలో ముందే చెప్పి పొమ్మనండి అని చెప్పు.

ఆదివారం కనిగిరిలో పొద్దున బస్సెక్కితే భోజనం టైముకి ఒంగోలు వచ్చేస్తావు. ఆ చార్ట్, పదహారు మంది నోటు పుస్తకాలు సంచిలో పెట్టుకుని రా, పెద్దమ్మ వంట చేసేలోపు మనిద్దరం 17వ బిట్టుకి ఆరు ప్రశ్నలు రాసుకుందాం.

మీ పెదనాన్న