సంఘం మీద కోపం, దేవుడి మీద బెంగ

ప్రశ్న: మాది ఒంగోలు. నాకు 31 ఏళ్లు, ఆరేళ్ల పాప ఉంది. రెండేళ్లలో రెండుసార్లు మూడో నెల నిండకుండానే గర్భం పోయింది. స్త్రీల కూటంలో ప్రార్థన విన్నపంగా చెప్పుకున్నాను. ఆ ఆదివారమే పాస్టర్ గారు పేరెత్తకుండా, ‘ఇంట్లో దాచిన పాపం ఉంటే గర్భఫలం నిలవదు’ అని ప్రసంగించారు. అందరి చూపూ నా మీదే. పైగా కానుక ఎవరెంత వేశారో మైకులో చదువుతారు. నాలుగు నెలలుగా మందిరానికి వెళ్లడం లేదు. వెనకజారిపోయానని మా అత్తగారి బాధ. యేసయ్యను వదులుకోలేను, అక్కడ కూర్చోలేను. మోకరిస్తే మాట రావడం లేదు. ఏం చేయను? – ఒక సోదరి

జవాబు: అమ్మా, ముల్లు దిగింది ఆ ప్రసంగంలోనే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం. మొదటి మూడు నెలల్లో పోయే గర్భాల్లో సగానికి పైగా పిండంలో క్రోమోజోముల లోపం వల్ల పోయేవే. తల్లి చేసిన తప్పేమీ అందులో ఉండదు. రెండుసార్లు జరిగింది కాబట్టి థైరాయిడ్, షుగర్, ఏపీఎల్ఏ (రక్తం గడ్డకట్టే స్వభావాన్ని పెంచే యాంటీబాడీలు) రక్తపరీక్షలు, గర్భసంచి స్కానింగ్ గురించి గైనకాలజిస్టును అడగండి. ఏపీఎల్ఏ ఉందని తేలితే మందులతో తర్వాతి గర్భం నిలిచే అవకాశం బాగా పెరుగుతుంది.

వాక్యం కూడా మీ పాస్టర్ గారి వైపు లేదు. యోహాను 9లో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు ఇదే అడిగారు: పాపం చేసింది వీడా, వీణ్ణి కన్నవాళ్లా? ఇద్దరూ కాదన్నాడు ప్రభువు. పిల్లల్ని పోగొట్టుకున్న యోబుకు, నీ పాపం వల్లే ఈ కష్టమని బోధించిన ముగ్గురు స్నేహితుల మీద దేవుడికి కోపం వచ్చిందని ఆ గ్రంథం చివర్లో ఉంది. ఆదివారం పూట ఆ ముగ్గురి ప్రసంగమే మళ్లీ వినాల్సి రావడం మీ తప్పు కాదు.

మాట రాని ప్రార్థనకు మందు కీర్తనల్లోనే ఉంది. ఆ 150 కీర్తనల్లో ఏడుపులూ నిష్ఠూరాలూ చాలానే ఉన్నాయి. రాత్రి పాప పడుకున్నాక పది నిమిషాలు చాలు. మొదటి వారం 13వ కీర్తన ఒక్కటే, ఆరు వచనాలు, పైకి చదవండి. రెండో వారం 55: కలిసి దేవుని మందిరానికి నడిచిన స్నేహితుడే గాయపరిచాడని అందులో ఉంది, మీ స్త్రీల కూటం గుర్తొస్తుంది. మూడో వారం 88. అది చీకటిలోనే ముగుస్తుంది, చివర స్తోత్రం కూడా లేదు. మీరూ బలవంతాన స్తోత్రం చెప్పక్కర్లేదు. ఏడాదిలో బైబిలంతా చదివే పట్టిక మాత్రం ఇప్పుడు మొదలుపెట్టకండి. రోజుకు మూడు నాలుగు అధ్యాయాలు. లేవీయకాండానికి వచ్చేసరికి ఆగిపోతారు, ‘ఇది కూడా చేతకాలేదు’ అన్న నింద ఇంకోటి మిగులుతుంది.

ఇక పాస్టర్ గారితో మాట్లాడటం. ఎదిరించే ఓపిక లేదంటే ఇప్పుడే వద్దు, నెల తర్వాతైనా సరే. వెళ్తే ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్లకండి. చుట్టూ జనం ఉంటారు, ఆయన తనను కాపాడుకునే మాటలే మాట్లాడతారు. వారం మధ్యలో టైం అడిగి, మీ ఆయనతో కలిసి వెళ్లండి. మత్తయి 18లో ఒంటరిగా వెళ్లమని ఉంది కదా అంటారేమో. అది ఇద్దరి మధ్య జరిగిన తప్పు గురించి. ఇది సంఘమంతా విన్న మాట. చెప్పాల్సినవి మూడు ముక్కలు కాగితం మీద రాసుకోండి: ఫలానా ఆదివారం మీరు ఈ మాట అన్నారు. నా విన్నపం కూటం దాటి మీదాకా వచ్చింది. ఇకపై మా ఇంటి సంగతి ప్రసంగంలో రాకూడదు. అంతే. కానుకల చదువు, కమిటీ గొడవలు ఆ రోజు ఎత్తారా, అసలు మాట వాటి కింద పడి పోతుంది.

‘అభిషిక్తుణ్ణి ముట్టకూడదు’, అంటే దేవుడు నియమించిన సేవకుణ్ణి తప్పు పట్టొద్దు అనే జవాబు రావచ్చు. మన సంఘాల్లో ఈ మాటను కవచంలా వాడటం అలవాటైపోయింది. 105వ కీర్తనలో ఆ మాట ఉన్నది పితరులకు హాని చేయొద్దని రాజులను గద్దించిన చోట. దావీదు తనను తరుముతున్న అభిషిక్త రాజు సౌలును చంపలేదు నిజమే, కానీ గుహలోంచి బయటికొచ్చి నువ్వు చేస్తున్నది అన్యాయమని అందరూ వినేలా అడిగాడు, 1 సమూయేలు 24. అడగడం ముట్టడం కాదు.

కానుకల సంగతి వేరు. బలవంతంగానో సణుగుతూనో ఇవ్వొద్దని 2 కొరింథీ 9లో ఉంది. దాని ముందు అధ్యాయంలోనే, చందా డబ్బు విషయంలో ఎవరూ తప్పు పట్టకుండా పౌలు మనుషుల్ని తోడు పంపిన వివరం ఉంది. ఈ కొన్ని నెలలు మీ దశమభాగం విడిగా కవరులో పెట్టుకోండి. ఆసుపత్రిలో ఉన్న బంధువుకో, ఫీజు కట్టలేని పిల్లకో అందులోంచి ఇవ్వొచ్చు.

రెండు మూడు నెలల్లో అక్కడ ఏమీ మారకపోతే సంఘం మారడం విశ్వాసం మారడం కాదు. కొత్త చోట సభ్యత్వానికి పేరివ్వకుండా ఆరేడు ఆదివారాలు వెళ్లండి. ప్రసంగం ఎంత బాగుందో చూస్తూ కూర్చోకండి. రాని మనిషి గురించి ఎలా మాట్లాడుకుంటున్నారో, జమాఖర్చులు ఏటా సభ్యుల ముందు చదువుతున్నారో లేదో, రోగికి మందులు మానమంటున్నారో వేసుకోమంటున్నారో గమనించండి. గాయపడినవాళ్లు చేసే పొరపాటు, ఎవరూ తెలియని పెద్ద మందిరంలో వెనక వరసలో దాక్కోవడం. కొన్నాళ్లు అది హాయిగానే ఉంటుంది. యూట్యూబ్ ఆరాధనా అంతే. మీరు రాలేదని గమనించే మనిషి అక్కడ ఉండరు. ఇప్పుడున్నది సీఎస్ఐ, లూథరన్ లాంటి పాత సంఘమైతే బదిలీ ఉత్తరం, చందా రసీదులు తీసి పెట్టుకోండి. రేపు పెళ్లికో సమాధుల తోటలో చోటుకో అడుగుతారు.

అత్తగారికి జవాబు మీ ఆయన చెప్పాలి: ‘అమ్మా, తను దేవుణ్ణి వదల్లేదు, దెబ్బ తగిలింది, కొంచెం టైం కావాలి.’ సమాజంగా కూడటం మానొద్దనే హెబ్రీ 10:25 ఆవిడ చూపిస్తే గొడవపడకండి. ఆ పై వచనంలో ఒకరినొకరు ప్రేమకు పురికొల్పుకోవాలని ఉంది, కలిసి చదవండి. పాప నాయనమ్మతో సండే స్కూలుకు వెళ్తానంటే వెళ్లనివ్వండి. తిరిగొచ్చాక ‘నా గురించి ఎవరేమన్నారు’ అని మాత్రం అడగొద్దు.

రెండు వారాలకు మించి నిద్ర, తిండి సరిగ్గా లేకపోయినా, బతకాలనిపించకపోయినా డాక్టరును కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైను టెలీమానస్‌కు, 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులోనే, ఉచితంగా మాట్లాడతారు.

ఆదివారం వాళ్లంతా మందిరానికి వెళ్లాక ఇల్లు నిశ్శబ్దమయ్యే ఆ గంటే మీకు బరువు. ఆ టైంకి మిమ్మల్ని నొప్పించని ఒక విశ్వాసిని, ఒక్కరినే, టీకి పిలవండి. ఇద్దరూ పాత పాటల పుస్తకం తీసి ఒక కీర్తన పాడుకోండి. మధ్యలో గొంతు పూడుకుపోతే మిగతా చరణం ఆవిడ పాడుతుంది.