గెడ్డ పక్కన ఇల్లు: బేస్‌మెంట్ ఎత్తు రోడ్డు నుంచి కొలవకండి

మీరు అడిగింది ఇది: విశాఖలో పెందుర్తి వైపు 167 గజాల స్థలం కొన్నారు, వెనక వీధి దాటితే గెడ్డ (వాన నీళ్ళు పారే వాగు). మేస్త్రీ "బేస్‌మెంట్ (గచ్చు కింద లేపే ఎత్తు) రోడ్డుకి రెండడుగులు లేపితే చాలు" అంటున్నాడు. అది సరిపోతుందా, లేక స్టిల్ట్ (కింద గోడల్లేకుండా స్తంభాల మీద ఇల్లు) వేసుకోవాలా అని. నేను ఇంజనీర్‌ని కాను. గోపాలపట్నం దగ్గర పల్లంలో 2011లో ఇల్లు కట్టుకుని, పదేళ్ళ తర్వాత అదే ఇంట్లో బకెట్లతో నీళ్ళు తోడిపోసినవాణ్ణి. ఆ లెక్కన చదవండి.

మాకూ అదే మాట చెప్పారు. మేము రెండు కాదు, రెండున్నర అడుగులు లేపాం. వీధి నుంచి ఐదు మెట్లు. గృహప్రవేశానికి వచ్చిన మా పెద్దమ్మ, మోకాళ్ళ నొప్పులవాళ్ళు మీ ఇంటికి రాకూడదా అని దెప్పింది కూడా. అప్పటికి అది గ్రావెల్ రోడ్డు. తర్వాత దాని మీద మెటల్ (కంకర) పోశారు, దాని మీద సిమెంటు రోడ్డు వేశారు. ఎవరూ పాత రోడ్డు తవ్వి వేయరు కదా, ఉన్నదాని మీదే వేస్తారు. మా ఐదు మెట్లలో రెండు ఇప్పుడు రోడ్డు కింద ఉన్నాయి. అందుకే రోడ్డు నుంచి కొలత అంటే నాకు నవ్వొస్తుంది, అది ఏటేటా పెరిగే స్కేలు.

2021 సెప్టెంబరు 26 రాత్రి గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గర తీరం దాటింది. మనకి వంద కిలోమీటర్ల పైనే దూరం. హుద్‌హుద్ చూసినవాళ్ళం కాబట్టి గాలి లేదులే అని హాయిగా పడుకున్నాం. 2014లో హుద్‌హుద్ మన నెత్తి మీదే దిగింది, కానీ అప్పుడు మాకు నష్టం చేసింది గాలి; గడపలోకి చుక్క రాలేదు. ఈసారి గాలి లేదు, వాన ఆగలేదు. తెల్లవారుజామున మా ఆవిడ లేపింది, వెనక బాత్రూంలో బుడబుడమని ఏదో చప్పుడు అవుతోందని. లైటు వేసి చూస్తే లెట్రిన్ బేసిన్‌లోంచి నల్లటి నీళ్ళు పైకి తన్నుతున్నాయి. అప్పటికి వీధి గుమ్మం ముందు ఇంకా రెండు మెట్లు పొడిగానే ఉన్నాయి!

ఏం జరిగిందంటే, మా సెప్టిక్ ట్యాంకు అవుట్‌లెట్ వీధి కాలువలోకి ఉంది. కాలువ గెడ్డలోకి. గెడ్డ నిండితే కాలువ వెనక్కి తంతుంది, ఆ నీరు పైపు పట్టుకుని ఇంట్లోకి వస్తుంది. మేము బాత్రూంని ఇంటి కంటే అడుగు కిందకి కట్టాం, నీళ్ళు హాల్లోకి రాకూడదని. ఆ తెలివే మా కొంప ముంచింది. పొద్దున్న ఎనిమిదయ్యేసరికి వీధి నీళ్ళు కూడా గడప దాటి, హాల్లో చీలమండల దాకా వచ్చాయి. వాన నీళ్ళైతే కడుక్కుంటాం. ఇవి ఏం నీళ్ళో చెప్పక్కర్లేదు. పరుపులు, బియ్యం డబ్బాలు, పిల్లల పుస్తకాలు అన్నీ పారేశాం.

వారం తర్వాత పాలు పోసే ఆవిడ వచ్చి చూసి అంది: "ఏటి బాబూ, ఇక్కడే కదా మా గేదెలు దిగి పడుకునేవి. కొన్నప్పుడు నన్నడిగితే సెప్పీదాన్ని కాదేటి?" నిజమే. లాయర్ని అడిగాను, బ్యాంకువాళ్ళని అడిగాను, ఆవిణ్ణి అడగలేదు.

కాబట్టి మీరు ముందు ఇది చేయండి. చుట్టుపక్కల పాత ఇళ్ళకి వెళ్ళి, వాళ్ళు చూసినంతలో నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో గోడ మీద చెయ్యి పెట్టి చూపించమనండి. ముగ్గురు నలుగురు ఒకే ఎత్తు చూపిస్తే అది నమ్మొచ్చు. ఆ గుర్తు నుంచి మేస్త్రీల దగ్గరుండే లెవెల్ పైపుతో (మట్టం చూడడానికి నీళ్ళు నింపే సన్నటి పారదర్శక గొట్టం) మీ స్థలం దాకా మట్టం తెచ్చి, మూల రాయి మీద రంగుతో గీత పెట్టండి. దూరం ఎక్కువైతే సర్వేయర్‌ని పిలిచి ఒక పూట పని చేయించుకోండి, ఇంటి ఖర్చులో అది లెక్కలోకే రాదు. నన్నడిగితే గచ్చు ఆ గీతకి కనీసం అడుగున్నర పైన ఉండాలి. గీత రోడ్డు కంటే రెండడుగులు పైన పడితే మీ బేస్‌మెంట్ మూడున్నర అవుతుంది, మెట్లు ఏడు అవుతాయి. కానివ్వండి. మా పెద్దమ్మ లాంటివాళ్ళ కోసం పక్కన ర్యాంపు పెట్టుకోండి.

ఇంకో చూపు గెడ్డ మీద. కంటికి అది నాలుగడుగుల మురికి కాలువలా కనిపించొచ్చు, సర్వే పటంలో ఎంత వెడల్పు ఉందో చూడండి. బిల్డింగ్ రూల్స్ ప్రకారం 10 మీటర్లు దాటిన గెడ్డైతే దాని హద్దు నుంచి 9 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 2 మీటర్లు వదలాలి. మీకు వీధి అడ్డం ఉంది కాబట్టి ఇబ్బంది రాకపోవచ్చు. కానీ ఆ పటంలో గెడ్డ మీ లేఅవుట్ మధ్యలోంచి పోతున్నట్టుంటే మాత్రం నేనైతే అక్కడ ఇల్లే కట్టను.

ఎత్తు లేపడంలో ఒక మోసం ఉంది, ఫిల్లింగ్. మా కాంట్రాక్టర్ ఎక్కడో పడగొట్టిన ఇంటి రాళ్ళూరప్పలు ట్రాక్టర్లతో తెచ్చి ఒకే రోజు పోసేశాడు. రెండేళ్ళకే టైల్స్ కొడితే డొల్ల శబ్దం, ఒక గదిలో గచ్చు కుంగింది. మీరు మంచి గ్రావెల్ తెప్పించి, ఆరంగుళాలకి ఒక పొర చొప్పున నీళ్ళు పెట్టి, దిమ్మిస కొట్టించండి. ప్లింత్ బీమ్ (గచ్చు మట్టంలో గోడల కింద వేసే కాంక్రీటు దూలం) చుట్టూ తప్పకుండా వేయించండి. అక్కడ ఖర్చు తగ్గిద్దామని ఎవరన్నా అంటే వినకండి.

మీరు లేపిన స్థలంలో ఇదివరకు నిలిచే నీళ్ళు ఇప్పుడు ఎక్కడికో పోవాలి. 167 గజాలంటే దాదాపు 140 చదరపు మీటర్లు. పది సెంటీమీటర్ల వాన పడితే మీ ఒక్క స్థలం మీదే దాదాపు 14 వేల లీటర్లు. మేము చుట్టూ సందు లేకుండా కాంపౌండ్ గోడ కట్టేసరికి మా నీళ్ళన్నీ పక్క పిన్నిగారి వంటింట్లోకి పోయేవి. ఆవిడ మూడేళ్ళు మాతో మాట్లాడలేదు. తర్వాత గోడ అడుగున రెండు చోట్ల జాలీలు పెట్టి, ఒక పక్క కాలువ దారి వదిలాం. ఇప్పుడు సంక్రాంతికి అరిసెలు పంపిస్తున్నారు.

ఇక లెట్రిన్ సంగతి. సెప్టిక్ ట్యాంకు నుంచి బయటకి పోయే పైపుకి, చిన్న ఛాంబర్ కట్టించి అందులో నాన్-రిటర్న్ వాల్వ్ (నీళ్ళని బయటకి మాత్రమే పోనిచ్చి, వెనక్కి రానివ్వనిది) పెట్టించండి. మూత తీసి చెయ్యి పెట్టగలిగేలా ఉండాలి, లేకపోతే ఏడాదికే చెత్త ఇరుక్కుని తెరుచుకునే ఉండిపోతుంది. నేను వినాయక చవితికి ముందు ఒకసారి విప్పి కడుగుతాను. వాల్వ్ మూసుకున్నంత సేపూ మీ ఇంటి నీళ్ళూ బయటకి పోవు. బాత్రూం గచ్చు ఇంటి మట్టం కంటే రెండంగుళాలకి మించి దించకండి. పై అంతస్తులో ఒక లెట్రిన్ ఉంటే వరద ఉన్న ఆ రెండు రోజులూ పొదుపుగా వాడుకుని గడిచిపోతుంది.

సంపు మూత కూడా ఆ రంగు గీత పైకి రావాలి. మా సంపులోకి ఆ నల్లనీళ్ళు దిగాయి, మూడుసార్లు కడిగించినా పది రోజులు టిన్నులే కొనుక్కున్నాం. ఇంకో విషయం చాలామందికి తెలియదు: భూమిలో నీటి మట్టం పైకొచ్చినప్పుడు ఖాళీ సంపు పడవలా తేలుతుంది. పదివేల లీటర్ల సంపుని నీళ్ళు దాదాపు పది టన్నుల బలంతో పైకి నెడతాయి. మా వీధి చివర ఒకరు తుఫానుకి ముందు శుభ్రంగా కడిగి ఖాళీగా ఉంచారు, ఒక మూల అర అడుగు పైకి లేచి పైపులు తెగాయి. తుఫాను కబురు రాగానే సంపు, పైన ట్యాంకు రెండూ నింపేసుకోండి.

కరెంటు గురించి రెండు మాటలు. మీటరు, ప్లగ్గులు ఛాతీ ఎత్తున పెట్టించండి. కింద, పైన విడివిడి లైన్లు ఉంటే కింద ఆపేసి పైన ఫ్యాను వేసుకోవచ్చు.

స్టిల్ట్ అడిగారు. డబ్బుంటే వేసుకోండి, నీళ్ళు కింద నుంచి పోతాయి, బళ్ళు తప్ప తడిసేదేమీ ఉండదు. కానీ తర్వాత వాచ్‌మన్ గది అనీ, అద్దెకిచ్చుకోవచ్చనీ మధ్యలో గోడలు కట్టేస్తే మళ్ళీ మొదటికే వస్తారు. స్తంభాలు గోడల సాయం లేకుండా నిలబడాలి, ఆ లెక్క మేస్త్రీ చేత కాక స్ట్రక్చరల్ ఇంజనీర్ చేత వేయించండి. సాయిల్ టెస్ట్ ముందు చేయించండి. మీది పెందుర్తి కాబట్టి ఉప్పునీటి బాధ ఉండదు. ఇది చదువుతున్నవాళ్ళలో ఎవరిదైనా మల్కాపురం, మింది వైపు స్థలమైతే పునాది కమ్మీల మీద కాంక్రీటు కవరు రెండంగుళాలకి తగ్గకుండా చూసుకోండి, స్లాగ్ సిమెంటు (ఇనుప ఫ్యాక్టరీ చిట్టెం పొడి కలిపింది) వాడడం మంచిది.

స్టిల్ట్ వద్దనుకుంటే, పైన ఒక్క గదైనా స్లాబుతో వేయండి. నీళ్ళొస్తే ఎక్కడానికి. రేకుల గది వద్దు. మా మేడ మీద వేసిన రేకులు హుద్‌హుద్‌కి ఎగిరి రెండు వీధుల అవతల దొరికాయి.

గుర్తులు కొలిచాక ఆ గీత రోడ్డు నుంచి ఎన్ని అంగుళాలు వచ్చిందో ఇక్కడ రాయండి. మా వీధిలో 2021లో పెట్టుకున్న గీత రోడ్డు మీద నుంచి 22 అంగుళాలు.