కుర్చీలో కూర్చుని చేసేది డాన్స్ అవుతుందా?

ప్రశ్న: నాకు 39 ఏళ్లు. చదువయ్యాక ఒక నృత్య బృందంలో చేరాను, ఇప్పటికీ అక్కడే ఉన్నాను. చాలాకాలంగా ముఖ్య పాత్రలన్నీ నావే. రెండేళ్లుగా కుడి మోకాలు నొప్పి. మెట్లు దిగేటప్పుడు, చాలాసేపు కూర్చుని లేచేటప్పుడు బాగా తెలుస్తుంది. ఇంట్లో చెప్పలేదు. నొప్పి మాత్ర వేసుకుని స్టేజీ ఎక్కేస్తున్నాను. ఈమధ్యే మా గురువుగారు నా పాత్రను 24 ఏళ్ల అమ్మాయికి ఇచ్చారు. ఆ అమ్మాయికి ఆ పాత్ర నేర్పింది నేనే. రిహార్సల్‌లో పక్కన నిలబడి చూస్తుంటే నా వేళ్లు వాటంతటవే కదులుతుంటాయి. ఆమె ఎక్కడైనా తడబడితే నాకు లోపల సంతోషం, ఆ వెంటనే నామీద నాకే అసహ్యం. ఒక స్కూల్లో డాన్స్ టీచర్‌గా పూర్తికాలం ఉద్యోగం ఇస్తామంటున్నారు. మావారు ‘ఇక చాలు, చేరిపో’ అంటున్నారు. పదమూడేళ్ల మా అమ్మాయి ‘నువ్వు ఇంట్లో ఉన్నా ఇంట్లో ఉండవు’ అంది. ఎవరికీ చెప్పని సంగతి ఇంకొకటి ఉంది. రాత్రి అందరూ పడుకున్నాక కుర్చీలో కూర్చుని ఏదో చేస్తున్నాను. చేతులు, భుజాలు, మెడ, ముఖం, అంతే. పన్నెండు నిమిషాలు వచ్చింది. ఫోన్‌లో రికార్డు చేస్తాను, చూస్తాను, చెరిపేస్తాను. ఇది డాన్సే కాదేమో. ఉద్యోగంలో చేరనా? ఇంకో రెండేళ్లు లాగనా? ఆ అమ్మాయి మొదటి ప్రదర్శనకు వెళ్లాలా?

జవాబు: అమ్మా, ముందు మోకాలి సంగతి మాట్లాడుకుందాం. మిగతావి మనసుకు సంబంధించినవి, కాస్త ఆలస్యమైనా పర్వాలేదు. ఇది ఆలస్యం చేయకూడదు.

మాత్ర వేసుకుంటే తగ్గేది నొప్పి ఒక్కటే. మోకాలి మీద పడే భారం అలాగే ఉంటుంది. ‘ఇక ఆపు’ అని శరీరం చెప్పే మాట మీకు వినపడదు కాబట్టి ఆగాల్సిన చోట ఆగరు. ఈ మాత్రలు డాక్టరు పర్యవేక్షణ లేకుండా నెలల తరబడి వాడితే కడుపుకూ కిడ్నీలకూ కూడా ముప్పే. ఎముకల డాక్టరును కలవండి. ఆటగాళ్లను, డాన్సర్లను చూసే అనుభవం ఉన్నవారైతే ఇంకా మంచిది. మెట్లు దిగేటప్పుడు, కూర్చుని లేచేటప్పుడు వచ్చే నొప్పి చాలామందిలో మోకాలి చిప్ప వెనక నుంచి పుడుతుంది. అలాంటిదైతే తొడ కండరాలు, తుంటి కండరాలు బలపడే వ్యాయామాలతో బాగా మెరుగుపడే అవకాశం ఉంది. మీది అదేనో, లోపల ఇంకేమైనా అరిగిందో పరీక్షించి చూసినవాళ్లే చెప్పాలి. వెళ్లేముందు రెండు వారాలపాటు ఒక కాగితం మీద రాసుకోండి: ఏరోజు ఎంతసేపు సాధన చేశారు, ఆ రాత్రి నొప్పి ఎలా ఉంది, మర్నాడు పొద్దున లేచేసరికి ఎలా ఉంది. స్కాన్‌లో కనిపించని సంగతులు ఈ కాగితం మీద కనిపిస్తాయి. ‘ఇంకో రెండేళ్లు లాగనా’ అని అడిగారు. ఆ డాక్టరును కలిసేదాకా దానికి మీ దగ్గరా సమాధానం లేదు, నా దగ్గరా లేదు.

ఇక ఆ అమ్మాయి తడబడితే కలిగే సంతోషం గురించి. దీన్ని మీరు ఉత్తరంలో ఒక నేరంలా రాశారు. నాకు అలా అనిపించలేదు. ఇన్నేళ్లు మీ ఒంట్లో ఉన్న పాత్ర అది. ఎక్కడ బరువు మార్చాలో, ఎక్కడ ఊపిరి నింపుకోవాలో మీ కండరాలకు తెలుసు. అందుకే చూస్తున్నంతసేపూ మీ వేళ్లు కదులుతున్నాయి. అలాంటిది ఒక్క రోజులో మీది కాకుండా పోయింది. మనిషి పోతే నలుగురు వచ్చి పలకరిస్తారు. పాత్ర పోతే ఎవరూ రారు. పైగా కొత్త అమ్మాయిని అభినందించాలి, నవ్వుతూ నిలబడాలి. మింగేసిన దుఃఖం ఏదో ఒక దారిన బయటికి రాకమానదు. మీ విషయంలో అది ఇలా వచ్చింది. ఆమె అడుగుల్ని మీరు తప్పు నేర్పలేదు, ఆమె గురించి ఎక్కడా చెడుగా మాట్లాడలేదు. మనసులో మెదిలిన దానికి మీకు మీరు శిక్ష వేసుకోకండి.

ఒకటి మాత్రం నాకు తేలలేదు. గురువుగారు ఈ మార్పు గురించి మిమ్మల్ని కూర్చోబెట్టి చెప్పారా, లేక అందరితోపాటు మీకూ తెలిసిందా? మీరు రాయలేదు. రెండోదే అయితే, ఒక అరగంట సమయం ఇమ్మని ఆయన్ని అడగండి. పాత్ర తిరిగి ఇమ్మని కాదు. మీ మోకాలు సంగతి ఆయన కనిపెట్టారేమో, మీకోసం వేరే ఏదైనా మనసులో అనుకున్నారేమో, ఇవి మీకు తెలియాలి. ఇంకొకటి కూడా అడగండి. డాక్టరు సరేనంటే ఆ పాత్రను ఆఖరిసారిగా, అది ఆఖరిసారని మీకూ చూసేవాళ్లకూ తెలిసేలా, ఒక్క ప్రదర్శన చేయనివ్వమనండి. పోయినసారి చేసిందే చివరిదని ఇంటికొచ్చాక తెలియడం చాలా చేదుగా ఉంటుంది. చాలామంది కళాకారులు ఏళ్ల తర్వాత కూడా మోసేది ఈ చేదునే. ఆయన కాదంటే కాదంటారు. అడగడం మాత్రం మీ హక్కు.

మీ ఉత్తరంలో నేను ఎక్కువసేపు ఆగింది కుర్చీ దగ్గర. అప్పటిదాకా ప్రతి వాక్యంలో మీకు జరిగినదే ఉంది. అక్కడికొచ్చేసరికి మీరు చేస్తున్నది మొదలైంది. ఎవరూ అడగకుండా, ఎవరి చప్పట్లూ లేకుండా, నిద్ర మానుకుని పన్నెండు నిమిషాల నృత్యం కట్టుకున్నారు. దాన్ని ‘ఏదో’ అన్నారు. ఆ మాట వెనక్కి తీసుకోండి.

డాన్సే కాదేమో అన్నారు కదా. మన శాస్త్రీయ నృత్యాల్లో కూర్చుని పదం (అభినయం చేసే పాట) పట్టడం, ముఖంతో చేతులతోనే అభినయించడం కొత్తేమీ కాదు, ఈ సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. జపాన్‌లో బుతో అనే ఆధునిక నృత్యరీతి నర్తకుడు కజువో ఓనో తన పేరును ప్రపంచానికి తెలిపిన ప్రదర్శనను 1977లో, 71వ ఏట చేశారు. ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్లు ప్రదర్శనలిచ్చారు. మన చంద్రలేఖ భరతనాట్యంలో పేరు తెచ్చుకున్నాక ఏళ్ల తరబడి వేదికకు దూరంగా ఉండి, 1985లో ‘అంగిక’ అనే నృత్య ప్రదర్శనతో తిరిగివచ్చారు. అప్పటినుంచి ఆమె ప్రధానంగా ఇతరుల శరీరాలతో నృత్యం కూర్చారు, యోగా, కేరళ యుద్ధకళ కలరిపయట్టు తెలిసినవారినీ అందులోకి తెచ్చారు. నెదర్లాండ్స్ డాన్స్ థియేటర్ అనే నృత్య సంస్థలో నృత్యదర్శకుడు యిరీ కిలియాన్ 1991లో నలభై దాటిన డాన్సర్ల కోసమే ఒక ప్రత్యేక బృందం పెట్టారు. వయసు శరీరం నుంచి తీసేసేదే కాదు, ఇచ్చేదీ ఉంటుందని, దాన్ని చూడటానికి ప్రేక్షకులు వస్తారని నమ్మి చేసిన పని అది.

వీళ్ల పేర్లు చెప్పి మిమ్మల్నీ అంత ఎత్తుకు వెళ్లమనడం లేదు. మీరు చేస్తున్న పని ఒంటరి పిచ్చి కాదని తెలియడానికి చెప్పాను, అంతే. ఆ పన్నెండు నిమిషాలు రేపు ఒక పెద్ద ప్రదర్శనకు మొదలు కావచ్చు, లేదా ఈ కష్టకాలం దాటించిన తోడుగానే మిగిలిపోవచ్చు. రెండూ మంచివే. అది ఏదో తేలాలంటే మాత్రం చెరిపేయడం ఆపాలి. రికార్డు చేసినదాన్ని తేదీ పెట్టి దాచండి. వారం దాకా చూడకండి. చేసిన వెంటనే చూస్తే మీకు కనిపించేది అందులో లేని కాళ్లే. వారం తర్వాత చూస్తే ఉన్నవి కనిపిస్తాయి. తర్వాత ఇద్దరికి చూపించండి. ఒకరు డాన్స్ తెలిసినవారు, అయితే మీ బృందంలోవారు వద్దు. ఇంకొకరు డాన్స్ గురించి ఏమీ తెలియనివారు. ‘ఎలా ఉంది’ అని అడిగితే ఇద్దరూ బాగుందనే అంటారు. ‘మీ దృష్టి ఎక్కడ పక్కకు పోయింది’ అని అడగండి. ఇప్పుడే నలుగురిలో పెట్టకండి. ఒక్క చెడ్డ కామెంటు చాలు, ఇప్పుడున్న స్థితిలో మీరు మళ్లీ కుర్చీ దగ్గరకు వెళ్లరు.

ఉద్యోగం మంచిదే. నేర్పడం చిన్న పని అని నేను అనుకోను, మీరూ అనుకోరని మీ ఉత్తరమే చెబుతోంది. కానీ పాత్ర పోయిన కోపంలో, ఇంట్లో పోరు పడలేక చేరితే మాత్రం ఆ కోపం పిల్లల మీదకు పోతుంది. పూర్తికాలం బదులు వారానికి మూడు రోజులు, లేదా ముందు ఒక ఏడాదికి కుదురుతుందేమో స్కూలువాళ్లను అడిగి చూడండి. వాళ్లు ఒప్పుకోకపోతే అప్పుడు మీవారితో కలిసి లెక్క వేయండి. మీ సంపాదన తగ్గితే ఇల్లు ఎన్ని నెలలు ఇబ్బంది లేకుండా నడుస్తుంది? ఈ అంకె తెలియకుండా ఇంట్లో జరిగే వాదనలన్నీ టెన్షన్ పెంచడానికే పనికొస్తాయి. మీకున్న దారులు కూడా రెండే కావు. రిహార్సల్స్ నడిపించడం, నృత్యం కూర్చడం, నటులకు శరీర కదలికలు నేర్పడం, ఇవన్నీ డాన్సర్లే బాగా చేయగల పనులు. నృత్య చికిత్స లాంటి వాటికి మాత్రం విడిగా చదువు కావాలి.

నలభై దగ్గర పడేసరికి ఈ మలుపు రావడం మీ ఒక్కరి వైఫల్యం కాదు, ఈ వృత్తి తీరే అంత. పారిస్ ఒపెరా బ్యాలేలో డాన్సర్లు 42 ఏళ్లకు రిటైర్ అవుతారు. బ్రిటన్‌లో వేదిక దిగే డాన్సర్లు కొత్త వృత్తి నేర్చుకోవడానికి సాయం చేసే నిధిని 1973లోనే పెట్టారు. మీకు అలాంటి ఆసరా దగ్గర్లో లేకపోవచ్చు. కాబట్టి ఆ ప్రణాళిక ఇంట్లోనే వేసుకోవాలి. అందుకు ఇంట్లోవాళ్లకు నిజం తెలియాలి.

మీవారు ‘ఇక చాలు’ అన్నప్పుడు ఆయనకు తెలిసింది సగమే. మోకాలు తెలియదు, మాత్రలు తెలియవు, కుర్చీ తెలియదు. ఆయన చూస్తున్నది అలసిపోయి వచ్చి మాట్లాడని మనిషిని. మీ కళను తక్కువ చేసి అన్నారని మీకు అనిపించిందేమో, మీ మీద బెంగతో అన్నారేమో కూడా. ఒక సెలవు రోజు చూసుకుని, ‘నాకు సలహా వద్దు, పది నిమిషాలు వినండి చాలు’ అని మొదలుపెట్టి మూడూ చెప్పండి. డాక్టరు దగ్గరకు తోడు రమ్మనండి.

పాప అన్న మాట మీకు బాగా తగిలింది. ఆ మాటకు జవాబుగా డాన్స్ వదిలేయకండి. తల్లి తనకోసం మానేసిందన్న భారం ఆ వయసు పిల్ల మోయలేదు. కుర్చీ నృత్యం చూపించి ఆమె మెప్పు సంపాదించాలనీ చూడకండి, ఆ బాధ్యత కూడా ఎక్కువే. ఆమె అడిగింది చాలా చిన్నది. రోజూ కాసేపు ఫోన్ పక్కన పెట్టి, రిహార్సల్ ఆలోచన పక్కన పెట్టి, ఆమె చెప్పేది వినండి. మొదటి కొన్ని రోజులు ఆమె ఏమీ చెప్పకపోవచ్చు. అయినా పక్కన కూర్చోండి.

రాత్రి నిద్ర సంగతి కూడా గమనించుకోండి. అమెరికన్ నర్తకి మార్తా గ్రాహమ్ డెబ్బై దాటాక వేదిక దిగారు. ఆ తర్వాత తీవ్రమైన కుంగుబాటులో, తాగుడులో పడ్డానని తనే రాసుకున్నారు. కోలుకుని, 1991లో 96వ ఏట పోయేదాకా నృత్యాలు కూర్చుతూనే ఉన్నారు. అంతటి మనిషికే అలా జరిగింది. రెండు వారాలు దాటి నిద్ర పట్టకపోవడం, ఆకలి లేకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం ఉంటే సైకియాట్రిస్టును కలవండి. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా రెండు వారాలు ఆగకండి, ఆ రోజే మీవారికి చెప్పి డాక్టరు దగ్గరకు వెళ్లండి.

ఆ అమ్మాయి మొదటి ప్రదర్శనకు వెళ్లాలా అంటే, ఇప్పుడు వెళ్లనక్కర్లేదు. పెద్ద మనసు చూపించడం కోసం మొదటి వరసలో కూర్చుని లోపల నలిగిపోవడం ఎవరికీ మేలు చేయదు. ముందే ఆమెకు ఫోన్ చేసి, ఈసారి రాలేకపోతున్నాను, తర్వాత ఒకరోజు వచ్చి చూస్తానని చెప్పండి. చెప్పకుండా ఆగిపోతే మీకు కోపమొచ్చిందని ఆమె అనుకుంటుంది, బృందంలో నలుగురూ నాలుగు రకాలుగా చెప్పుకుంటారు. ఆ పాత్రలో మీకు మాత్రమే తెలిసిన కిటుకు ఏదైనా ఆమెకు చెప్పాలనిపిస్తే ఆ ఫోన్లోనే చెప్పండి. అనిపించకపోతే బలవంతాన చెప్పకండి. ఆ సాయంత్రం మాత్రం ఒంటరిగా ఉండకండి, మీవారినో దగ్గరి స్నేహితురాలినో తోడు ఉండమనండి.